తొలి టెలిజూమ్ ఎంపిక: 300 మి.మీ. దూరం ముఖ్యమా, స్టెబిలైజేషన్ ముఖ్యమా?

ప్రశ్న

నా దగ్గర కెనాన్ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ ఉన్న) బాడీ, దానితోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. దూరంగా ఉన్నవాటిని తీయడానికి తక్కువ ధరలో ఒక జూమ్ కొనాలనుకుంటున్నాను. ఈఎఫ్ 75-300 ఎఫ్/4-5.6 మూడో వెర్షన్ చవక, పైగా 300 మి.మీ. ఫోకల్ లెంగ్త్ దాకా వెళుతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి). ఈఎఫ్-ఎస్ 55-250 ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎమ్‌కు ధర ఎక్కువ, 250 దగ్గరే ఆగిపోతుంది, కానీ అందులో స్టెబిలైజేషన్ (ఐఎస్, అంటే చేతి వణుకును సవరించే ఏర్పాటు) ఉంది. నేను ఎక్కువగా తీసేవి పక్షులు, మైదానంలో ఆటలు, అప్పుడప్పుడూ వేదిక మీద నాట్యం. ఏది తీసుకోమంటారు?

మొదటి అభిప్రాయం

75-300 తీసుకోండి. పక్షులకు ఎంత దూరం అందినా చాలదు. స్టెబిలైజేషన్ సవరించేది మన చేతి వణుకునే కానీ ఎదుటివాటి కదలికను కాదు. ఎగిరే పక్షికి ఎలాగూ 1/1000 సెకను షట్టర్ స్పీడ్ పెట్టాలి, ఆ వేగంలో చేతి వణుకు ఫొటోలో కనిపించదు. పైగా రేపు ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) ఎస్ఎల్ఆర్ బాడీకి మారితే ఈఎఫ్ లెన్స్ పనికొస్తుంది, ఈఎఫ్-ఎస్ లెన్స్ దానికి అసలు బిగియదు.

రెండో అభిప్రాయం

స్టెబిలైజేషన్ కదిలేదాన్ని ఆపలేదన్న మాట నిజమే, కాదనను. అయితే పై వాదన మంచి ఎండ ఉన్నంతసేపే నిలుస్తుంది. పొద్దు వాలుతున్నప్పుడు కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పక్షిని 300 దగ్గర చేత్తో తీస్తున్నారనుకోండి. ఫోకల్ లెంగ్త్‌ను చిన్న సెన్సర్‌కు వర్తించే క్రాప్ ఫ్యాక్టర్ 1.6తో గుణిస్తే 480 వస్తుంది కాబట్టి, సెకనులో ఫోకల్ లెంగ్త్ వంతు ఉండాలనే పాత లెక్క ప్రకారం షట్టర్ స్పీడ్ 1/500కు తగ్గకూడదు. ఎఫ్/5.6 అపర్చర్ (లెన్స్ తెరుచుకునే కొలత, అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ) వద్ద ఆ వెలుతురులో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 దాకా పెంచక తప్పదు, అప్పుడు ఈకల అంచులన్నీ నాయిస్‌లో, అంటే చుక్కచుక్కల మరకల్లో కలిసిపోతాయి. స్టెబిలైజేషన్ మూడు స్టాపులు (ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఆదుకుంటే అదే ఫొటో 1/60 దగ్గర, ఐఎస్ఓ 400తో వస్తుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. షట్టర్ బటన్ సగం నొక్కగానే వ్యూఫైండర్‌లోని దృశ్యం కూడా కుదురుకుంటుంది. ఎస్ఎల్ఆర్‌లో మనం చూసేది లెన్స్ గుండా వచ్చే వెలుతురునే కాబట్టి, ఊగిసలాడే ఫ్రేమ్‌లో పక్షి కంటి మీద ఫోకస్ పాయింట్ నిలపడం ఎంత కష్టమో, కుదురుగా ఉన్న ఫ్రేమ్‌లో అంత సులువు. 1/1000 పెట్టినప్పుడు కూడా ఈ లాభం ఉంటుంది.

ఇక అదనంగా వచ్చే ఆ 50 మి.మీ. మాట చూద్దాం. 250 దగ్గర తీసిన 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 300 ఫ్రేమింగ్‌కు సరిపడా కత్తిరిస్తే ఇంకా 16 మెగాపిక్సెళ్లకు పైగానే మిగులుతాయి. 75-300 మాత్రం 300 చివర, పూర్తి అపర్చర్‌లో మెత్తబడుతుంది, కాంట్రాస్ట్ ఎక్కువగా ఉన్న అంచుల్లో ఊదారంగు చారలు కూడా కనిపిస్తాయి. పదును కోసం ఎఫ్/8కి దించితే మరో స్టాప్ వెలుతురు పోతుంది. కాబట్టి కత్తిరించిన 250 ఫొటోలోనే వివరం ఎక్కువ ఉంటుందని నా నమ్మకం. ఎప్పుడో కొనబోయే ఫుల్‌ఫ్రేమ్ బాడీ కోసం ఇవాళ్టి ఫొటోలను వదులుకోవడం నాకు సబబుగా తోచదు.

నాట్యానికి మాత్రం ఈ రెండూ సరిపోవు. వేదిక వెలుతురులో నర్తకి చేతిని ఆపాలంటే షట్టర్ వేగమే కావాలి, స్టెబిలైజేషన్ అక్కడ అక్కరకు రాదు. తరవాత ఎప్పుడైనా 50 మి.మీ. ఎఫ్/1.8 కొనుక్కోండి. ఎఫ్/5.6తో పోలిస్తే అది దాదాపు పదిరెట్లు వెలుతురు ఇస్తుంది. దానితో జూమ్ చేయలేరు కాబట్టి ముందు వరుసలో చోటు చూసుకోవాలి.

మూడో అభిప్రాయం

రెండు లెన్సుల బదులు ఒకే 18-200 తీసుకుంటే మార్చే పనీ ఉండదు, సెన్సర్ మీద దుమ్మూ పడదు కదా?

రెండో అభిప్రాయం ఇచ్చినవారి జవాబు

ప్రయాణాలకు అది మంచిదే. కానీ వీరి దగ్గర 18-55 ఇప్పటికే ఉంది, కావలసింది దూరం. 200తో పక్షులకు ఇంకా వెనకబడతారు.

ప్రశ్న అడిగినవారు

55-250 కొత్తది నా బడ్జెట్ దాటుతోంది. 2007లో వచ్చిన పాత ఐఎస్ వెర్షన్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవచ్చా?

రెండో అభిప్రాయం ఇచ్చినవారి జవాబు

నిస్సంకోచంగా తీసుకోవచ్చు. 2013 నాటి ఎస్‌టీఎమ్ (స్టెప్పింగ్ మోటారు) వెర్షన్‌తో పోలిస్తే ఫోకస్ నెమ్మది, మోటారు చప్పుడూ ఎక్కువ. ఫోకస్ చేసేటప్పుడు ముందు భాగం తిరుగుతుంది కాబట్టి పోలరైజర్ (మెరుపులను తగ్గించేలా తిప్పి అమర్చుకునే ఫిల్టర్) వాడితే ప్రతిసారీ సరిచేసుకోవాలి. కొనేముందు వెనకవైపు నుంచి టార్చ్ వేసి, లోపలి అద్దాల మీద సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ ఉందేమో చూడండి. తరవాత గోడకు వార్తాపత్రిక అంటించి, 250 దగ్గర 1/50తో, స్టెబిలైజేషన్ ఆన్ చేసి కొన్ని, ఆఫ్ చేసి కొన్ని ఫొటోలు తీయండి. రెండు రకాల్లోనూ అక్షరాలు ఒకే తీరుగా చెదిరి కనిపిస్తే ఐఎస్ పనిచేయడం లేదన్నమాట. ఆ లెన్స్ తీసుకోకండి.