ప్యూరిఫయరు నడుస్తున్నా తెల్లవారేసరికి తల బరువెక్కుతోంది, లోపం ఎక్కడ?

ప్రశ్న: మియాపూర్ నివాసి
నమస్కారం. మాది మెయిన్ రోడ్డుకు ఆనుకుని ఉన్న అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. దుమ్ముకు భయపడి పడకగది కిటికీలు మూసి, స్ప్లిట్ ఏసీ, హెపా ప్యూరిఫయరు రెండూ వేసుకుని నలుగురం అదే గదిలో పడుకుంటున్నాము. గది 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. రాత్రంతా గాలిలోని సన్నటి ధూళికణాలను తెలిపే పీఎం 2.5 అంకె 12 దాటకపోయినా, లేచేసరికి తల బరువుగా ఉంటోంది. కార్బన్ డయాక్సైడు మీటరు రాత్రి పదింటికి 700 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 700) చూపి, తెల్లవారుజామున 2,600 చూపింది. ఇంకా పెద్ద యంత్రం కొనాలా? రెండు నెలల కిందట చేయించిన ప్లైవుడ్ వార్డ్‌రోబ్ తలుపు తీస్తే ఇప్పటికీ కళ్లు మండుతున్నాయి.

సమాధానం 1: ఏసీ, వెంటిలేషన్ పని చేసే ఇంజినీరు
మీ యంత్రం చెడలేదండీ, దాని పని అది చేస్తోంది. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల ధూళికణాలను సైతం 99.97 శాతం పట్టగలదు గానీ, మనం వదిలిన కార్బన్ డయాక్సైడు వాయువు కనుక అందులోంచి దాటిపోతుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. బయటి యూనిట్టు వేడిని వదిలేస్తుందే తప్ప, గదిలో తిరిగేది ఉన్న గాలే. ఆరుబయట దాదాపు 420 ఉండే కార్బన్ డయాక్సైడు అంకె మీ గదిలో అంత పెరగడానికి కారణం అదే. రోడ్డువైపు కిటికీ జోలికి పోకుండా, పడకగది తలుపు తీసి, హాల్లో వెనకవైపు కిటికీని రెండంగుళాలు తెరవండి. వచ్చే కాస్త దుమ్మును ప్యూరిఫయరు చూసుకుంటుంది. మీ గది 1,440 ఘనపుటడుగులు, అంటే సుమారు 41 ఘనమీటర్లు. గంటకు ఐదుసార్లు శుద్ధి కావాలంటే సీఏడీఆర్, అంటే యంత్రం గంటకు ఇచ్చే శుభ్రమైన గాలి, 205 ఘనమీటర్లు చాలు, అయితే పెట్టె మీద అచ్చువేసేది గరిష్ఠ వేగపు అంకె, మీరేమో నిద్ర కోసం స్లీప్ మోడ్‌లో పెడతారు, అప్పుడు అంత గాలి శుద్ధి కాదు.

సమాధానం 2: ఇంటీరియర్ పనుల కాంట్రాక్టరు
కళ్ల మంటకు కారణం బహుశా ప్లైవుడ్ జిగురులోని ఫార్మాల్డిహైడు. లామినేటు అతికించిన ముఖం నుంచి వచ్చేది తక్కువ. అరల వెనక, అడుగున, కోసిన అంచులు పచ్చిగా వదిలేసిన చోట చేయి పెట్టి చూడండి. వాటికి ఎడ్జ్ బ్యాండింగ్ (అంచులను మూసే పట్టీ) వేయించి, పగటిపూట కిటికీలన్నీ తీసి వార్డ్‌రోబ్ తలుపులు బార్లా ఉంచండి. వేడికి, తేమకు ఈ ఆవిరి ఎక్కువవుతుంది కాబట్టి వేసవిలో మళ్లీ వాసన వస్తే కంగారుపడకండి. ఈ ఆవిరికి ప్యూరిఫయరులోని పలుచటి నల్లజాలీని, అంటే బొగ్గు ఫిల్టరును, నమ్ముకోవద్దు. బొగ్గు బరువుగా ఉంటేనే పనిచేస్తుంది. ఈసారి చేయిస్తే ఫార్మాల్డిహైడు తక్కువగా వదిలే ఈ0 లేదా ఈ1 రకం ప్లైవుడ్ అడిగి తీసుకోండి.

సమాధానం 3: గృహ నిర్మాణ రూపకర్త
అసలు లోపం ప్లానులోనే ఉంది. మండువా ఇంట్లో వేడెక్కిన గాలి నడిమి లోగిలి నుంచి పైకి పోతుంటే, చుట్టూ ఉన్న గదుల్లోకి కొత్త గాలి దానంతటదే వచ్చేది. మన ఫ్లాట్లలో పడకగదికి ఒక్క గోడకే కిటికీ, దానికీ దోమల జాలీ. ఆ జాలీని తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. అంత దుమ్ము పట్టినప్పుడు కిటికీ తెరిచినా గాలి సరిగా రాదు. ప్యూరిఫయరు పక్కనే దోమల చుట్ట వెలిగించే ఇళ్లనూ చూశాను!

మియాపూర్ నివాసి
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి తలుపు, హాలు కిటికీ కొద్దిగా తీసి పడుకున్నాము. ఉదయం మీటరు 1,050, పీఎం 2.5 అంకె 19. వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు.