బ్రాండ్‌మైస్టర్‌లో ప్రొఫైల్ పెట్టినా హాట్‌స్పాట్ లాగిన్ కావట్లేదు

కొత్త వీయూ3: హ్యామ్ రేడియోకి కొత్త. రేడియోఐడీ (ఐడీలిచ్చే సైట్) నుంచి 404తో మొదలయ్యే డీఎంఆర్ (డిజిటల్ రేడియో) ఐడీ వచ్చింది. బ్రాండ్‌మైస్టర్‌లో (డీఎంఆర్ రేడియోలను ఇంటర్నెట్ మీద కలిపే నెట్‌వర్క్) అకౌంట్ తెరిచి, ఆ పాస్‌వర్డే పై-స్టార్‌లోనూ (రేడియోని నెట్‌కి కలిపే చిన్న పెట్టె హాట్‌స్పాట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చాను. అందులో డీఎంఆర్ నెట్ గుర్తు ఎర్రగానే ఉంది, లాగ్‌లో లాగిన్ ఫెయిల్ అని వస్తోంది. బ్రాండ్‌మైస్టర్ సెల్ఫ్‌కేర్ (సెట్టింగుల పేజీ)లో ఇంకేమైనా నింపాలా?

టవరెక్కినవాడు: అకౌంట్ పాస్‌వర్డ్ అక్కడ పనిచేయదండీ. అది వెబ్‌సైట్ వరకే. సెల్ఫ్‌కేర్‌లో హాట్‌స్పాట్ సెక్యూరిటీ ఆన్ చేసి, వేరే పాస్‌వర్డ్ ఇచ్చి సేవ్ చేయండి. దాన్నే పై-స్టార్ డీఎంఆర్ కాన్ఫిగరేషన్‌లో హాట్‌స్పాట్ సెక్యూరిటీ అన్న గడిలో వేసి అప్లై చేయండి. అక్షరాలు, అంకెలే వాడండి. # లాంటి గుర్తులుంటే కాన్ఫిగరేషన్ ఫైలు తప్పుగా చదువుకోవచ్చు. ఎయిర్ సెక్యూరిటీ జోలికి మాత్రం వెళ్లకండి. అది ఆన్‌లో ఉంటే, రేడియో నుంచి కోడ్ పంపేదాకా మీ మాట నెట్‌వర్క్‌లోకి వెళ్లదు.

స్లాట్ రెండు: అదే పేజీలో బ్రాండ్ అని ఉంటుంది, మీది చైనా సెట్ అయితే చైనీస్ రేడియో ఎంచుకోండి. జీపీఎస్, మెసేజీలు పంపేవారికే దాని అవసరం. అవతలివాళ్ల తెరమీద మీ పేరు కనిపించకపోతే కంగారు పడొద్దు. చాలా సెట్లు తమలో ఎక్కించుకున్న కాంటాక్ట్ లిస్టు చూసే పేరు చూపిస్తాయి, వాళ్లు కొత్త లిస్టు ఎక్కించుకుంటేనే మీరు అందులో ఉంటారు.

కొత్త వీయూ3: నెట్ పచ్చబడింది, ధన్యవాదాలు. కానీ 9990కి (మన మాటను మనకే తిరిగి వినిపించే పరీక్ష నంబరు) మాట్లాడితే నా గొంతు తిరిగి రావట్లేదు.

టవరెక్కినవాడు: 9990ని గ్రూప్ కాల్‌గా పెట్టారేమో, ప్రైవేట్ కాల్‌గా మార్చండి. రేడియో ఛానల్ సెట్టింగుల్లో కలర్ కోడ్ 1, టైమ్ స్లాట్ 2 ఉండాలి. లైవ్ లాగ్ కూడా చూడండి. అందులో "ఆర్‌ఎఫ్ యూజర్ ... రిజెక్టెడ్" అని వస్తుంటే, మీ రేడియోలో ఉన్న ఐడీ వేరు. పై-స్టార్‌లో నోడ్ టైప్ ప్రైవేట్‌గా ఉంటే సొంత ఐడీని తప్ప ఎవరినీ రానివ్వదు. కోడ్‌ప్లగ్‌లో (రేడియో సెట్టింగుల ఫైలు) ఫ్యాక్టరీ నంబరు అలాగే వదిలేస్తే ఇదే జరుగుతుంది. అక్కడ మీ 7 అంకెలూ వేసి రేడియోకి రాయండి.

స్లాట్ రెండు: రెండో హాట్‌స్పాట్ పెడితే దాని ఐడీ చివర 01 చేర్చి 9 అంకెలు చేయండి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి తోసేస్తాయి. రేడియోలో మాత్రం 7 అంకెలే. ఫ్రీక్వెన్సీ కూడా సరిచూసుకోండి. మనకు 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ ఉన్నా 435 పైన శాటిలైట్ల సిగ్నళ్లు ఉంటాయి. హాట్‌స్పాట్ 435 లోపే పెట్టండి.