కరువున పోసిన బొమ్మ: ఏ కరువు? (నలుగురి ముచ్చట; పేర్లకు బదులు ఊళ్లు.)

కావలి: "కరువున పోసినట్టు" అని ముగిసే పద్యపాదం ఒకటి నోట్లో నానుతోంది, ముందుభాగం అందడం లేదు. ఇంతకీ అక్కడున్నది మామూలు ర నా, బండి ఱ నా?

నెల్లూరు: మామూలు ర నే అన్నా. క్షామమైతే కఱవు, పోతపోసే మూసైతే కరువు. అరవంలో 'కరు' అంటే గర్భం, మూస రెండూనూ. వంక పెట్టడానికి లేనట్టు అని భావం.

ఒంగోలు: మూస వరకు సరే. వంక లేకపోవడం ఎక్కడిది? రెండు చెక్కల సిలికాన్ మూసలో రెజిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) బొమ్మ పోస్తే, చెక్కలు కలిసేచోట చెవి మీదుగా భుజం దాకా గీత పడి తీరుతుంది. బ్లేడు వీపుతో గీకి, 400 నంబరు, తర్వాత ఇంకా నునుపైన 600 నంబరు నీటికాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టి, సబ్బునీళ్లతో జిడ్డు కడిగితేగానీ అస్తరు, అంటే రంగు కింది తొలిపూత, నిలవదు. గీత మిగిలితే రంగు వేశాక ఇంకా ఎక్కువ కనబడుతుంది. అందుకే 'పోసి దిద్దిన' అనే పాఠం ఉండాలని నా పట్టు.

నెల్లూరు: ఛందస్సు చూడకుండా పాఠం మార్చకండి మేస్టారూ. పైగా కవి చూసింది మైనపు పోత. మైనపు బొమ్మకు మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో లోహం పోసి మట్టిమూస పగలగొడతారు, చెక్కల అతుకే ఉండదు.

కనిగిరి: అతుకంటే ఎఱ్ఱనే. అరణ్యపర్వంలో నన్నయ 'శారదరాత్రులు' పద్యం దగ్గర ఆగితే, ఆయన పేరుతోనే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా మిగతాది పూరించాడు. నన్నయ నడకతో మొదలెట్టి మెల్లగా తన నడకలోకి జారాడు. పుట్టీ పెట్టి పలచగా సాగదీయడమంటే అదీ.

నెల్లూరు: తిక్కనకు ఆ అవసరమే రాలేదు. విరాటం నుంచి 15 పర్వాలూ ఒకే చేయి.

ఒంగోలు: ఒకే చేయి కాబట్టి పోలిక కుదరదు. అతికినవాడి పనితనం వేరు.

కావలి: పాదం సంగతి? పోనీ, ఇది చెప్పండి. వానాకాలంలో రెజిన్ నురగలా పొంగుతోంది, ఎందుకని?

ఒంగోలు: తేమ. పాలీయురెథేన్ రకం రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం నీటితో కలిస్తే గ్యాసు పుడుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో మన తీరంలో ఇది మామూలే. మూత తీసిన సీసా వెంటనే బిగించాలి. మూసను ఆరబెట్టి, లోపల టాల్కం పౌడరు పలచగా చల్లి దులిపెయ్యండి. సన్నని ధారగా ఒక మూల నుంచే పోయాలి. గడ్డం కింద, చంక కింద బుడగ ఆగుతుంది, అక్కడ గాలి పోయే దారి కోయండి.

కనిగిరి: 'కరువుగట్టు' అనే క్రియ కూడా ఉంది కదా, అది ఏ కరువు?

నెల్లూరు: అది ఇంకా పెద్ద తగువు. రేపు.