రిచర్డ్ ఆలెన్‌కి ఆ స్థలం ఎలా దొరికింది?

గోదారిగట్టు:
ఫిలడెల్ఫియాలో సిక్స్త్, లాంబార్డ్ వీధుల మూల మీద మదర్ బెథెల్ చర్చి ఉంది కదా, రిచర్డ్ ఆలెన్ నాయకత్వంలో నల్లవాళ్లు పెట్టుకున్న ఏఎంఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) క్రైస్తవ సంఘానికి పుట్టిల్లు. ఎక్కడ చదివినా ఒకటే కథ. తెల్లవాళ్ల పెత్తనంలో ఉన్న సెయింట్ జార్జ్ చర్చిలో (మెథడిస్టులనే ప్రొటెస్టంట్ శాఖవాళ్లది) మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటున్న నల్లవాళ్లని మధ్యలోనే లేపబోయారు, ఆలెన్, ఆయన సహచరుడు అబ్సలోం జోన్స్ తమవాళ్లందరితో బయటికొచ్చేశారు, అని. సరే, బానిసగా పుట్టిన మనిషికి ఆ ఊళ్లో స్థలం కొనే స్తోమత ఎక్కడిది? తెల్ల మెథడిస్టులు చూస్తూ ఊరుకున్నారా?

పాతకాగితాలు:
స్తోమత అంతా రెక్కల కష్టమే. డెలావేర్‌లో యజమాని 2,000 కాంటినెంటల్ డాలర్లు (అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు కాగితపు డబ్బు) కడితే వదిలేస్తానన్నాడు. కట్టెలు కొట్టడానికి వెళ్తే మొదటిరోజే చేతులు బొబ్బలెక్కి, వేళ్లు ముడవడం కూడా కష్టమైందని ఆలెనే రాసుకున్నాడు. తర్వాత ఇటుకల పని, యుద్ధం రోజుల్లో ఉప్పు బండి తోలడం. 1786లో ఫిలడెల్ఫియా చేరి, తెల్లవారుజామున అయిదింటికి వాక్యం చెప్పేవాడు, పొట్టకూటికి పొగగొట్టాలు శుభ్రం చేసే పని, చెప్పుల పని. 1791లో ఆ స్థలం కొన్నాడు. పాత కమ్మరి కొట్టం ఒకటి కొని, గుర్రాలతో లాగించి అక్కడ నిలబెట్టారు, మొదటి చర్చి అదే. 1794లో మెథడిస్టుల బిషప్ ఆస్బరీ వచ్చి ప్రతిష్ఠ చేశాడు.

లా పాయింట్:
ఊరుకోవడమా! అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1796లో రాయించిన పత్రాల్లో ఆస్తి మీద పెత్తనం మెథడిస్టు కాన్ఫరెన్సుకి, అంటే తెల్లవాళ్ల చేతుల్లో ఉన్న ఆ శాఖ పాలక సభకి, పోయేలా పెట్టారు, దాన్ని 1807లో సవరించుకుంటే అదీ వాళ్లు ఒప్పుకోలేదు, చివరికి 1815లో చర్చిని వేలానికి పెడితే ఆలెన్ 10,125 డాలర్లకి పాడి తన చర్చిని తనే కొనుక్కోవాల్సి వచ్చింది. 1816లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు బెథెల్ పక్షాన తీర్పిచ్చింది, అదే ఏడాది ఏప్రిల్‌లో వేరే ఊళ్ల నల్లవాళ్ల సంఘాలు కూడా కలిసి ఏఎంఈ పెట్టుకున్నాయి, ఆలెన్ మొదటి బిషప్. లేచి వచ్చేయడం కన్నా ఈ కోర్టు గొడవే పెద్ద పోరాటమని నేనంటాను. ఆ నేల ఇప్పటికీ వాళ్ల చేతుల్లోనే ఉంది.

వేపచెట్టు:
అన్నీ ఒప్పుకుంటా గానీ, ఆయన్ని మరీ దేవుణ్ణి చేయకండి. జరీనా లీ అనే ఆవిడ వాక్యం చెప్తానని అడిగితే, ఆడవాళ్లకి మా నియమాల్లో చోటు లేదన్నాడు. సుమారు 8 ఏళ్ల తర్వాత బెథెల్‌లోనే ఒకాయన బైబిల్లోని యోనా గ్రంథం మీద ప్రసంగిస్తూ మధ్యలో తడబడితే, ఈవిడ లేచి అందుకుంది. బయటికి పంపేస్తారేమోనని ఒకటే టెన్షన్. ఆలెన్ లేచి, ఈమెకి నిజంగానే పిలుపుంది అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. పాస్టర్‌గా అభిషేకం మాత్రం చేయలేదు.