నాన్న పాత బండి వదలడం లేదు: మమకారమా, మొండితనమా?

పెన్నా గట్టు (నెల్లూరు)
మా నాన్నకు అరవై ఆరేళ్లు. ఆయన దగ్గర 1988లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. మోకాలి నొప్పితో కిక్కు కొట్టే బాధ ఎందుకని నేనూ తమ్ముడూ కలిసి సంక్రాంతికి గేర్లు లేని స్కూటర్ కొనిచ్చాం. మీట నొక్కితే చాలు, స్టార్టవుతుంది. ఆరు నెలలైంది. ఇప్పుడు దాని సీటు మీద అమ్మ వడియాల గుడ్డ ఆరేస్తోంది. నాన్న మాత్రం మూలాపేట నుంచి ట్రంకు రోడ్డుకు రోజూ పాత బండి మీదే పొగ వదులుకుంటూ వెళ్లి వస్తున్నారు.

నా వాదన ఇది. ఇందులో బండి గొప్పతనం ఏమీ లేదు. పాతికేళ్ల వయసులో ఏ బండి నడిపితే అదే మంచి బండి అనిపిస్తుంది, చచ్చేదాకా. మా తాత తన సైకిలు గురించి ఇలాగే మాట్లాడేవాడు. కాదనేవాళ్లు కారణం చెప్పండి. ఒంగోలు గిత్తతో పోలిక మాత్రం తేవద్దు, విని విని విసిగిపోయాను.

కావలి కుర్రాడు
వయసు ఒక్కటే కారణమైతే మీ నాన్నగారి బండి కోసం పాతికేళ్లవాళ్లు ఎందుకు ఎగబడుతున్నారన్నా? దాని తయారీ 1996లోనే ఆగిపోయింది. మేమంతా ఆ తర్వాత పుట్టినవాళ్లం. మా కాలేజీలో ఇద్దరి దగ్గర ఉంది, ఇద్దరూ దాన్ని బయటికి తీసేది ఆదివారమే, అదీ నలుగురూ చూసే చోటికే.

దీన్ని మమకారం అనను, వ్యాపారం అంటాను. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో మళ్లీ షోరూములకు వచ్చాయి. ఇంజను కొత్తది, పేరు పాతది. ఆ పేరుకు డబ్బు కట్టేవాళ్లు ఉన్నారని తెలిసే కదా తెచ్చారు? నా మటుకు నాకు బండి అంటే ఇంటి నుంచి పనికి చేర్చే యంత్రం. అంతే.

నల్లరాయి (చీమకుర్తి)
ముందు కుర్రాడికి ఒక మాట. పోయిన నెల నీ పల్సర్ ట్యాంకు మీద గీత పడిందని ఇక్కడే రెండు పేజీలు రాసుకున్నావు. వట్టి యంత్రానికి గీత పడితే అంత ఏడుపు ఎందుకయ్యా?

ఇక అసలు సంగతి. నాది పాత బుల్లెట్ 350. మద్రాసులో 1955లో తయారీ మొదలైన వంశం. దాన్ని లేపడం ఒక విద్య. కిక్కును మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు డొప్ప మీద ఉన్న ఆంపియర్ ముల్లును చూడాలి. పక్కకు ఒరిగిన ముల్లు మధ్యకు వచ్చిందంటే పాయింట్లు, అంటే ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు, తెరుచుకున్నట్టు, పిస్టన్ దాదాపు పైదాకా వచ్చినట్టు. అప్పుడు చిన్న మీట పట్టి సిలిండర్‌లో గాలి వదిలి, కిక్కును ఇంకాస్త దించి, మీట వదిలేసి, కిక్కు పూర్తిగా పైకి వచ్చాక ఒక్క తన్ను తన్నాలి. తొందరపడి ముల్లు చూడకుండా తన్నిన రోజు కిక్కు రాడ్డు ఎదురు తిరిగి నా పిక్క వాచిపోయింది. తప్పు నాదే.

ఆ పద్ధతి పట్టుబడటానికి నాలుగు నెలలు పట్టింది. పట్టుబడ్డాక ఇంట్లో నాకు తప్ప మరెవరికీ అది లేవదు. నా మమకారం అక్కడ పుట్టింది, పాతికేళ్ల వయసులో కాదు. నేను దాన్ని కొన్నది నలభై దాటాకే. చప్పుడంటారా, దానికీ లెక్క ఉంది. సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 90. దూరం ఎక్కువ, లోపల తిరిగే చక్రం బరువు. అందుకే నిదానంగా తిరిగినా ఆగిపోదు, ఒక్కో పేలుడూ విడివిడిగా చెవిన పడుతుంది. గ్రానైటు లారీల వెనక ధూళిలో వెళ్తున్నప్పుడు ఆ చప్పుడే నాకు తోడు.

ఒక్కటే చిక్కు. నా బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తమ్ముడి బండి ఎక్కిన ప్రతిసారీ బ్రేకు అనుకుని గేరు తొక్కుతాను. ఆర్‌ఎక్స్ వాళ్లకు ఈ బాధ లేదు, పెట్రోల్‌లో ఆయిల్ కలుపుకునే బాధ తప్ప.

షెడ్డు మామ (ఒంగోలు)
చివరి మాట తప్పు. ఆర్‌ఎక్స్ 100కు ఆయిల్ ట్యాంకు వేరుగా ఉంటుంది, కావలసినంత పంపు తీసుకుంటుంది. బంకులో కొలిచి కలిపించుకోవలసింది రాజ్‌దూత్ వాళ్లు, పాత మోపెడ్ల వాళ్లు.

ముప్ఫై ఏళ్లుగా కర్నూలు రోడ్డులో షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గరికి బండిని పొగడటానికి ఎవరూ రారు, తిట్టడానికే వస్తారు, అందుకని నాకు కొంచెం నిజం తెలుసు. ఆర్‌ఎక్స్ రెండు స్ట్రోకుల ఇంజను. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు. నాలుగు స్ట్రోకుల బండిలో రెండు చుట్లకు ఒకటి. పైగా ఆర్‌ఎక్స్ బరువు వంద కిలోల చుట్టూనే. అందుకే చెయ్యి తిప్పగానే ముందుకు దూకుతుంది. పైన వాల్వులు లేవు, వాటిని తెరిచే కామ్ లేదు. సైలెన్సర్‌లో మసి పేరుకుంటే కాల్చి దులుపుకోవడం యజమానికీ వచ్చు. తన చేత్తో విప్పి బిగించగలిగిన వస్తువు మీద మనిషికి కొంత హక్కు ఏర్పడుతుంది. కొత్త బండ్లలో కంప్యూటర్ తగిలించి చూస్తే తప్ప నాకే జబ్బు తెలియదు.

కానీ షెడ్డులో నేను చూసిన గట్టి మమకారం వీటిలో దేనిమీదా కాదు. కొండపి వైపు పొగాకు రైతు ఒకాయన స్ప్లెండర్ మూడోసారి కొన్నారు. 1994లో వచ్చిన మోడలు కదా, రంగు కూడా మార్చలేదు, అదే నలుపు. ఎందుకు బాబాయ్ అంటే, 'దీనితో నాకు మాట రాలేదు' అన్నారు. ముప్ఫై ఏళ్లలో దాని గురించి ఆయన చెప్పింది ఆ ఒక్క వాక్యమే.

పలక (మార్కాపురం)
యెజ్డీ వాళ్లం ఇంకా బతికే ఉన్నాం. కిక్కు రాడ్డే గేరు రాడ్డు, సిలిండర్ ఒకటి, సైలెన్సర్లు రెండు. ఎందుకు ఇష్టమంటే చెప్పలేను. దోర్నాల దాటి నల్లమల ఘాటు ఎక్కుతుంటే తెలుస్తుంది.

కావలి కుర్రాడు
చెప్పలేను అనడం కూడా జవాబేనా సార్? నా గీత సంగతి వదిలేయండి, అది కొత్త బండి.

ఉప్పుగాలి (మైపాడు)
ఇంతమంది ఇంతసేపు మాట్లాడారు, టీవీఎస్ ఎక్సెల్ పేరు ఒక్కరి నోటా రాలేదు. మా ప్రాంతంలో రొయ్యల గుంటలన్నీ దానిమీదే నడిచాయి.

మా నాన్న గుంటల మీద పనిచేసేవారు. గట్టు మీద దారి రెండు అడుగులు, వాన పడితే జారుడు. బండి ఒరిగితే రెండు కాళ్లూ నేలకు ఆనాలి, లేకపోతే మేత బస్తాతో సహా నీళ్లలోనే. బస్తా కాళ్ల మధ్య, వెనక సీటు ఊడదీసి ఐసు పెట్టె. బుల్లెట్‌ను ఆ గట్టు మీదికి తెచ్చి చూపించండి నల్లరాయి గారూ, నేను వచ్చి ఫోటో తీస్తాను. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి మూడు బండ్లు మారాయి, మూడూ ఎక్సెల్లే. నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 మార్కెట్లోకి 2015లో వచ్చింది. అది మా ఇంటికి వచ్చినప్పుడు పొగ లేదని అమ్మ సంతోషించింది. నాన్న మాత్రం వారం రోజులు ఇంజను ఆగిపోయిందేమోనని వంగి వంగి చూసుకున్నారు.

ఆయన జీవితమంతా ఒకే రకం బండి నడిపారు. అయినా దాన్ని ఎవరూ మమకారం అనలేదు. బుల్లెట్ వదలకపోతే మమకారం, ఎక్సెల్ వదలకపోతే గతిలేకా? ఒంటికి, పనికి సరిపోయిన బండి కాబట్టి వదలలేదు. పెన్నా గట్టు అన్నా, వయసు మీద సిద్ధాంతం కట్టేముందు మీ నాన్నగారిని అడిగారా అసలు?

నల్లరాయి (చీమకుర్తి)
గట్టు మీదికి నేను రానమ్మా, ఒప్పుకున్నాను. కానీ మీ నాన్నగారు వంగి చూసుకున్నారన్నారే, అది పనికి సరిపోవడం ఒక్కటే కాదు. అలవాటైన చప్పుడు వినబడలేదని కూడా కదా.

పెన్నా గట్టు (నెల్లూరు)
నిజం చెప్పాలంటే అడగలేదు. కొనేటప్పుడూ అడగలేదు. రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

స్కూటర్ వచ్చిన మొదటి వారంలోనే నాన్న దాన్ని తీశారట, మాకు చెప్పలేదు. కోవూరు వెళ్లి వస్తూ పెన్నా వంతెన దిగుతుంటే గేదె అడ్డం వచ్చింది. కుడికాలు గట్టిగా తొక్కారు. అక్కడ బ్రేకు లేదు, కాళ్లు పెట్టుకునే రేకు ఉంది. స్కూటర్‌కు రెండు బ్రేకులూ చేతుల్లోనే. వెనక బ్రేకు ఎడమచేతి మీటకు ఉంటుంది, కానీ ఇన్నేళ్లుగా ఎడమచేతి మీట అంటే ఆయనకు క్లచ్చే. చివరికి ఎలా ఆగిందో ఆయనకే తెలియదు. గేదె తోక చెంపకు తగిలిందట.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే మీరు ఏ బండీ నడపనివ్వరు కదా అన్నారు. తమ్ముడు తల దించుకున్నాడు. నేను మజ్జిగ పోసుకున్నాను.

అంటే పాత బండి మీద ప్రేమ లాంటిది ఏమీ లేదా నాన్నా అని కూడా అడిగాను. 'ఉంటే ఉగాది నుంచి కడగకుండా ఉంటానా' అన్నారు. పొద్దున వెళ్లి చూశాను. నిజంగానే ట్యాంకు మీద దుమ్ము వేలితో గీస్తే గీత పడేలా ఉంది.

షెడ్డు మామ (ఒంగోలు)
గేర్లు, కుడికాలికి బ్రేకు, మీట నొక్కితే స్టార్టు, ఈ మూడూ ఉన్న మామూలు బండి కొనిచ్చి ఉంటే మోకాలూ బాగుండేది, గేదే బాగుండేది. ఈసారి కొనేముందు ఆయనను వెంట తీసుకెళ్లండి.

నల్లరాయి (చీమకుర్తి)
అరవై ఆరేళ్ల కాలు గేదెను చూసి బ్రేకు దానంతట అదే వెతుక్కుంది. దానికే నేను మమకారం అన్నాను, మీరు మరో పేరు పెట్టుకోండి.

కావలి కుర్రాడు
అన్నా, ఆ స్కూటర్ అమ్ముతారా? మా అక్కకు కావాలి.

పెన్నా గట్టు (నెల్లూరు)
అమ్మను అడగాలి. వడియాలు ఇంకా ఎండలేదు.