గ్లామిస్ ఇసుకకి స్టాక్ టైర్లు సరిపోతాయా, ప్యాడిల్స్ వేయించాల్సిందేనా?

చాండ్లర్_కుర్రాడు:
అందరికీ నమస్తే. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో యమహా వైఎఫ్‌జెడ్ 450ఆర్ (నాలుగు చక్రాల స్పోర్ట్ క్వాడ్) కొన్నాను. ఇంజిన్‌లో ఏ మార్పులూ లేవు, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. థాంక్స్‌గివింగ్ సెలవులకి మా గ్యాంగ్‌తో కాలిఫోర్నియాలోని గ్లామిస్ వెళ్తున్నాం. ఇసుక దిబ్బల మీద నడపడం నాకు ఇదే మొదటిసారి. వెనక 20×10-9, ముందు 21×7-10 (ఎత్తు×వెడల్పు-రిమ్ము, అంగుళాల్లో) స్టాక్ టైర్లే, అంటే కంపెనీవే, గుబ్బలు సగానికి పైగా మిగిలున్నాయి. షాపతను వెనక 10 తెడ్ల ప్యాడిల్ టైర్లు వేయించుకోమంటున్నాడు. మా రూమ్మేటేమో గాలి తగ్గిస్తే చాలు, డబ్బు దండగ అంటున్నాడు. మిగతా ఏడాదంతా నేను తిరిగేది ఇక్కడి అరిజోనా రాళ్ల దారుల్లోనే. ఏం చేయమంటారు?

రాప్టర్_రాజు:
తమ్ముడూ, ఆలోచించడానికేం లేదు, ప్యాడిల్స్ వేయించెయ్. మామూలు టైరు గుబ్బలు గట్టి మట్టిని పట్టుకోవడానికి చేసినవి. పొడి ఇసుకలో పట్టుకోవడానికి ఏముంది? చక్రం తిరిగే కొద్దీ దాని గొయ్యి అదే తవ్వుకుంటుంది. ప్యాడిల్ టైరు ఒళ్లంతా నున్నగా ఉండి, దాని మీద అడ్డంగా రబ్బరు తెడ్లు ఉంటాయి. గోదాట్లో పడవ తెడ్డు నీళ్లని వెనక్కి నెట్టినట్టు ఇది ఇసుకని నెడుతుంది. గ్లామిస్‌లో ఓల్డ్స్‌మొబైల్ హిల్ అని పెద్ద ఇసుక కొండ ఉంది, దాని కింద ఒక పూట నిలబడి చూడు, స్టాక్ టైర్ల బళ్లు సగం ఎక్కి వెనక్కి తిరుగుతుంటాయి. నా రాప్టర్ 700కి 12 తెడ్లు. బొటనవేలితో థ్రాటిల్ నొక్కగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు లేస్తుంది.

పాత_ట్రాక్టరు:
రాజు గారూ, మీది 686 సీసీ, ఈ అబ్బాయిది 449. ఆ లెక్క వేరు. మా ఊరి ఇసుక రీచ్‌లో ట్రాక్టరు దిగబడితే మా నాన్న మొదట చేసే పని టైర్లలో గాలి తీయడం. సూత్రం ఇక్కడా అదే. నేను మొదటి రెండు సీజన్లు గ్లామిస్‌లో స్టాక్ టైర్లతోనే తిరిగాను. పెద్ద కొండలు ఎక్కలేదు, నిజమే. కానీ ఇసుకని చదవడం అప్పుడే నేర్చుకున్నాను: ఎక్కుడులో ఆగకూడదు, ఆగాల్సి వస్తే ముందు చక్రాలు పల్లం వైపు పెట్టి ఆగాలి, ఊపు పోనివ్వకూడదు. మొదటి ట్రిప్పుకే అంత పట్టున్న టైర్లు ఇస్తే, వెళ్లకూడని చోటికి కూడా బండి సులువుగా వెళ్లిపోతుంది.

యూమా_అక్క:
ట్రాక్టరు బాబాయ్ గారూ, మీ చివరి మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. గాలి సంగతే ఒప్పుకోను. జీపు టైర్లో 35 పీఎస్ఐ నుంచి 15కి దించితే తేడా తెలుస్తుంది. స్పోర్ట్ క్వాడ్ టైర్లో మొదటి నుంచీ ఉండేదే 4 పీఎస్ఐ దగ్గర. ఇంకెక్కడికి దించుతాం? ఇంకా తగ్గించి పక్కవాటంగా కిందికి దిగితే టైరు రిమ్ము వదిలేస్తుంది.

నా అసలు బాధ వేరే. అందరూ వెనక చక్రం గురించే మాట్లాడుతున్నారు. రెండేళ్ల కిందట నా 450కి వెనక 10 తెడ్లు, ముందు స్టాక్ టైర్లు. ఒక దిబ్బ మీదికి వస్తూ అంచు కనపడగానే హ్యాండిల్ ఎడమకి తిప్పాను. హ్యాండిల్ తిరిగింది, బండి తిరగలేదు. ముందు చక్రాలు రెండూ అడ్డంగా నిలబడి నాగలిలా ఇసుకని దున్నుకుంటూ నేరుగానే పోతున్నాయి, వెనక తెడ్లు ఆగకుండా తోస్తున్నాయి. దిబ్బకి గాలి మరుగు వైపు వాలు 34 డిగ్రీల దాకా ఉంటుంది, ఇసుక అంతకంటే నిటారుగా నిలవదు. ఆ వాలులోకి పక్కకి పడ్డాను. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు అన్నం ఎడమ చేత్తో తిన్నాను.

ఆ తర్వాత ముందు చక్రాలకి మధ్యలో నిలువు పట్టీ ఉన్న ఇసుక టైర్లు వేయించాను. ఆ పట్టీ కత్తిలా ఇసుకలోకి దిగి, తిప్పిన వైపు లాక్కెళ్తుంది. మొదటిసారి నడిపినప్పుడు వేరే బండేమో అనిపించింది. బడ్జెట్ తక్కువైతే వెనక తెడ్లలో తగ్గించుకో తమ్ముడూ, ముందు టైరుని మాత్రం వదలకు.

రాప్టర్_రాజు:
అక్కా, దెబ్బ సంగతి నాకు తెలీదు, సారీ. ముందు టైర్ల విషయం ఒప్పుకుంటున్నా. కానీ 10 తెడ్లు ఎక్కువంటే ఎలా? ఎంత పట్టు ఉంటే అంత మంచిదే కదా.

యూమా_అక్క:
పట్టు ఎక్కువైతే దాన్ని లాగే బలం ఇంజిన్‌లో ఉండాలి రాజూ. 450 ఇంజిన్ బలమంతా పై ఆర్‌పీఎమ్‌లో, అంటే ఇంజిన్ బాగా వేగంగా తిరిగేటప్పుడు ఉంటుంది. 10 తెడ్లతో కొండ ఎక్కుతూ మూడో గేరు వేస్తే ఆర్‌పీఎమ్ పడిపోయి బండి ఈడుస్తుంది, రెండులో ఉంచితే గోల తప్ప వేగం రాదు. 8 తెడ్లైతే చక్రం కాస్త జారుతుంది, ఆ జారుడే ఇంజిన్‌ని పైన నిలబెడుతుంది. 10 వేసి తీరాలంటే ముందు స్ప్రాకెట్‌లో (చైను తిప్పే పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించుకోవాలి. మొదటి ట్రిప్పుకి అదంతా ఎందుకు?

పాత_ట్రాక్టరు:
సరే అమ్మా, ఈ మాట విన్నాక నేను కాస్త దిగొస్తున్నాను. అయినా ఒకటి చెప్పాలి. రాళ్ల దారిలో తిరిగే బండి ఇది. ప్యాడిల్స్‌తో గట్టి నేల మీద నడిపితే తెడ్లు చిరుగుతాయి, నడుము విరుగుతుంది. గ్లామిస్‌లో కూడా తూర్పు వైపు వాష్‌లన్నీ (ఎండిన వాగులు) గట్టి గులకరాళ్ల నేల. అందుకని ఉన్న రిమ్ములకి టైర్లు మార్చకుండా, రిమ్ములతో సహా వేరే సెట్టు కొనుక్కోవాలి. ఈ బండికి వెనక బోల్టు కొలత 4/115 (నాలుగు బోల్టులు, వాటి వలయం 115 మి.మీ.), ముందు 4/144. హోండా బళ్ల వాళ్లు అమ్మే సెట్టు చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే వెనకది పట్టదు, వాళ్లది 4/110.

చాండ్లర్_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. మీసా అనే ఊళ్లో ఒకాయన 8 తెడ్లవి రిమ్ములతో సహా అమ్ముతున్నాడు, 4/115 అని అడిగి కనుక్కున్నాను. ముందుకి పట్టీ టైర్లు కొత్తవే ఆర్డర్ పెట్టాను. ఓల్డ్స్‌మొబైల్ హిల్ జోలికి ఈసారి పోను బాబాయ్ గారూ, మాటిస్తున్నా. సెట్టు వచ్చాక బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

యూమా_అక్క:
సైడ్ మీద బాణం గుర్తు ఉంటుంది, అది ముందుకి తిరిగే దిశ. అరిగిపోయి కనపడకపోతే ఇలా చూడు: చక్రం పైభాగంలో ఉన్న తెడ్డు గుంట ముందు వైపుకి ఉండాలి. ఫీనిక్స్‌లో ఒక షాపు వాళ్లు నాకు ఒక చక్రం తిప్పేసి బిగించి ఇచ్చారు, బండి ఒక పక్కకే లాగుతుంటే మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. కార్ల గేజ్‌తో గాలి చూడకు, 10 పీఎస్ఐ లోపు కొలిచేది కొనుక్కో, ప్యాడిల్స్‌లో 5 దగ్గర మొదలుపెట్టు. విప్ జెండా (బండికి నిలబెట్టే పొడవాటి కర్ర మీది జెండా) నేల నుంచి 8 అడుగులు ఉండాలి, అది రూలు. ఎదుటి దిబ్బ అవతలి వాడికి నువ్వు కనపడేది ఆ జెండాతోనే. ప్యాడిల్స్ వేసిన బండి వెనకే అంటిపెట్టుకుని వెళ్లకు, ముఖమంతా ఇసుక కొడుతుంది. మొదటి రౌండు తిరిగి క్యాంపుకి రాగానే నాలుగు చక్రాల నట్లూ మళ్లీ ఒకసారి బిగించు. కొత్త రిమ్ములు కదా, కాస్త వదులవుతాయి.