డోరిస్ డే నటనకు బ్యాండ్‌లో పాడిన అనుభవం ఎంతవరకు తోడ్పడింది?

ప్రశ్న:
కొన్ని వారాలుగా హాలీవుడ్ గాయని, నటి డోరిస్ డే చిత్రాలను వరుసగా చూస్తున్నాను. లెస్ బ్రౌన్ బ్యాండ్‌లో గాయనిగా పేరు తెచ్చుకున్న ఆమె 1948లో మైకేల్ కర్టిజ్ దర్శకత్వంలో తొలిసారి తెరమీదికి వచ్చారు. ముందు అనుకున్న నటి బెట్టీ హటన్ గర్భవతి కావడంతో ఆ పాత్ర ఈమెకు దక్కింది. నటనలో శిక్షణ లేని గాయనికి తొలి చిత్రంలోనే కెమెరా ముందు అంత చనువు ఎలా వచ్చింది?

మొదటి సమాధానం:
అసలు ఆమె కావాలనుకున్నది నర్తకి. 1922లో సిన్సినాటీలో పుట్టిన డోరిస్ కాపెల్‌హాఫ్‌కు 15 ఏళ్ల వయసులో, ప్రయాణిస్తున్న కారును రైలు ఢీకొనడంతో కుడికాలు బాగా దెబ్బతిన్నది. మంచం పట్టిన ఆ నెలల్లో రేడియోలో వచ్చే పాటలతో గొంతు కలుపుతూ, ముఖ్యంగా జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్ ఒక్కొక్క మాటను పలికే తీరును పట్టుకోవడానికి ప్రయత్నిస్తూ ఆమె పాట నేర్చుకున్నారు. బార్నీ రాప్ బ్యాండ్‌లో చేరాక ‘డే’ అన్న పేరు వచ్చింది.

బ్యాండ్ గాయని పని ఎంత ఇరుకైనదో గమనించండి. జనం నృత్యం చేస్తుంటారు కనుక లయ మారకూడదు. వాద్యాలు సగం పాట వాయించాక గాయనికి కొద్ది పంక్తులే దక్కుతాయి, ఆ పాట భావమంతా వాటిలోనే పలకాలి. ‘సెంటిమెంటల్ జర్నీ’ వినండి. వాద్యకారుల సంఘం సమ్మె వల్ల ఆగిపోయిన రికార్డింగులు 1944 నవంబరులో మళ్లీ మొదలైనప్పుడు చేసిన పాట అది. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు మరలుతున్న 1945లో ఊరూరా మోగింది. అందులో ఆమె గొంతు పెంచరు, పక్కన కూర్చున్నవారితో మాట్లాడుతున్నట్లు పాడతారు. కెమెరాకు కావలసిందీ అదే. నటనలో పాఠాలు చెప్పించుకోవద్దని కర్టిజ్ ఆమెకు సలహా ఇచ్చింది కూడా అందుకేనని నా అభిప్రాయం.

రెండవ సమాధానం:
పై వివరణ హాస్య చిత్రాలకు సరిపోతుంది కానీ, హిచ్‌కాక్ 1956లో తీసిన ‘ద మ్యాన్ హూ న్యూ టూ మచ్’కు చాలదు. అందులో ఆమె రాయబార కార్యాలయంలో పియానో ముందు కూర్చుని, మేడ మీద బందీగా ఉన్న కొడుకుకు వినపడాలని ‘కే సెరా సెరా’ను ఆ గది మర్యాదకు మించిన గొంతుతో పాడతారు. అతిథులు విస్తుపోతారు. ఇన్నేళ్లు గొంతును అదుపులో ఉంచుకున్న గాయని, తల్లి పాత్ర కోసం ఆ అదుపును తెలిసి తెలిసి వదిలేశారు. అంతకుముందు సంవత్సరం నటుడు జేమ్స్ కాగ్నీ ఎదుట గాయని రూత్ ఎటింగ్ పాత్రను పోషించినప్పుడే ఆమె నటి అయ్యారు. ఆస్కార్ నామినేషను మాత్రం ఒక్క ‘పిల్లో టాక్’కే రావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

మూడవ సమాధానం:
బ్యాండ్ నేర్పిన మరో గుణం, పిలిచిన వేళకు వేదిక ఎక్కడం. 1968లో భర్త మార్టీ మెల్చర్ మరణించాక, తన సంపాదన కరిగిపోయి అప్పులు మిగిలాయనీ, తనకు తెలియకుండానే టీవీ ధారావాహికకు ఒప్పందం కుదిరిందనీ ఆమెకు తెలిసింది. అయినా దుఃఖాన్ని దిగమింగుకుని 1973 వరకు ఐదు సీజన్లూ పూర్తి చేశారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రాయబార కార్యాలయ దృశ్యాన్ని మళ్లీ చూశాను. పైనుంచి కొడుకు ఈల వినిపించాక ఆమె ముఖం మారుతుంది, పాట మాత్రం ఆగదు.